ఉప్పు తగిలే కల్లు

శ్యాంబాబు ఏ పని తలపెట్టినా ముందు కాగితం మీద పెట్టాల్సిందే. గుడివాడ డిపోలో ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి దిగినవాడు. ట్రిప్ షీటు రాసిన చెయ్యి ఊరికే ఉండదు. ఏప్రిల్ నెల మొదటి ఆదివారం పెందలాడే భార్య నాగలక్ష్మిని వెంటబెట్టుకుని పెడన వచ్చి, బావమరిది నాగరాజు ఇంటి అరుగు మీద కూచుని, చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. పైన ‘దివిసీమ - మూడు రోజులు - తొందర లేదు’ అని ఉంది. ‘తొందర లేదు’ కింద రెండు గీతలున్నాయి.

కాగితంలో అన్నీ ఉన్నాయి. శుక్రవారం ఎండెక్కకముందే బయల్దేరడం, బందరు దాటి ఉల్లిపాలెం వంతెన మీదుగా కోడూరు వైపు దిగడం. పొద్దున పూట ఒక్క తోటే, ఆ తోట కల్లే. ఇంకో తోటకి పరుగెత్తడం లేదు. మధ్యాహ్నం పాలకాయతిప్పలో గాయత్రి అనే ఆవిడ ఇంట్లో భోజనం. ముందుగా ఫోన్ చేస్తే పీతలో, రొయ్యలో, ఆ పూట వలలో ఏది పడితే అది చింతచిగురేసి వండిపెడుతుందట. తిన్నాక చాప మీద ఒక కునుకు. చల్లబడ్డాక మడచెట్ల మధ్యనుంచి పడవలో హంసలదీవి దాకా, కృష్ణ సముద్రంలో కలిసేచోటికి. రెండో రోజు నాగాయలంక వైపు కూడా ఇంతే. మూడో రోజు ఏటిగట్టు మీద గాలం వేసుకుని కూచోడం, బుద్ధి పుట్టినప్పుడు ఇంటికి రావడం.

తోట పేరు ఉండాల్సిన చోట మాత్రం రెండు రోజులకీ ఖాళీ వదిలి, పక్కన ‘బావ చెప్పాలి’ అని రాశాడు.

“నాలుక నీది బావా. మేం తాగేవాళ్ళమే గాని తెలిసినవాళ్ళం కాదు” అన్నాడు.

నాగరాజు కాగితం చూస్తూ ఉండిపోయాడు. అతను మామూలుగానే మాట్లాడడు కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు. అతని నాలుకకి రుచి తెలిసి రెండేళ్ళయింది. ఆ సంగతి అతనికి తప్ప ఇంకెవరికీ తెలీదు. లోపల పొయ్యి దగ్గరున్న భార్య నాగరత్నానికి కూడా.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు పదిరోజుల జ్వరంతో పడుకుని లేచాడు. వాసన పోయింది, రుచి పోయింది. ఊళ్ళో చాలామందికి పోయి, మళ్ళీ వచ్చాయి. అతనికి రాలేదు. చింతకాయ పచ్చడి తిన్నా, బెల్లం ముక్క తిన్నా తడిమట్టి నమిలినట్టే ఉంటుంది. మిరపకాయ మంట తెలుస్తుంది. వగరు తెలుస్తుంది. అవి రుచుల్లోకి రావు, నోటికి తగిలే దెబ్బలు.

వేరే పనిచేసే మనిషైతే ఎవరితోనైనా చెప్పుకునేవాడేమో. నాగరాజు గోవర్ధనరావు గారి కలంకారీ షెడ్డులో రంగుల కుండల దగ్గర మనిషి. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచడం దగ్గర్నించి, తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి మూడు వారాలు పులియబెట్టే నల్లరంగు దాకా అన్నీ అతని చేతిమీదుగా నడవాలి. ఆ నల్లరంగు పండిందో లేదో చెప్పేది నాలుకే. చూపుడువేలు ముంచి, ఒక్క బొట్టు నాలుక కొసన వేసుకుని, అంగిలికి అదిమి, పక్కకి తిరిగి ఉమ్మేసి, “ఇంకో రెండ్రోజులు” అనో “అచ్చులు తియ్యండి” అనో అంటాడు. అతని తండ్రిదీ అదే పద్ధతి. షెడ్డులో అచ్చులు కొట్టేవాళ్ళంతా చుట్టరికం లేకపోయినా అతన్ని ‘మావయ్యా’ అంటారు. ఏ కుండనీ అతని నాలుక చూడందే ముట్టుకోరు.

రెండేళ్ళుగా అతను అందరికంటే ముందే షెడ్డుకి వచ్చి, కరక్కాయ నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డపీలిక కుండలో ముంచి రంగు చూసుకుంటున్నాడు. వాళ్ళంతా వచ్చాక, వాళ్ళ ముందు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేస్తున్నాడు. ఇంతవరకూ ఒక్క చీర చెడలేదు. అయినా ఉమ్మేసిన ప్రతిసారీ, అచ్చు పట్టుకుని తన నోటికేసి చూస్తున్న వాళ్ళ మొహాలు చూడలేక కుండ వైపు తిరుగుతున్నాడు.

ఇంట్లో ఇంకా సులువు. పెట్టింది తిని లేస్తే సరిపోతుంది. అంతకుముందు పులుసులో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే అతను తలెత్తి చూసేవాడు. ఆ ఒక్క చూపుకే నాగరత్నం వంటింట్లో పావుగంట గొణిగేది. రెండేళ్ళుగా తలెత్తలేదు.

అరుగు మీద శ్యాంబాబు ఆపకుండా చెప్పుకుపోతున్నాడు. కాలువ కట్టేసిన రోజుల గురించి.

అప్పట్లో ఉగాది వెళ్ళాక కాలువలకి నీళ్ళు ఆపేసేవాళ్ళు. రంగు వేసిన గుడ్డని పారే నీళ్ళలోనే ఉతకాలి. నిలవనీళ్ళలో జాడిస్తే రంగు పక్కకి పాకి పువ్వు పువ్వులా ఉండదు. కాలువ ఎండిందంటే పెడనలో పని ఆగిందన్నమాట. రంగులవాళ్ళకి అదే సెలవు. సరిగ్గా ఆ రోజుల్లోనే దివిసీమ తాటిచెట్లు కల్లు మీద ఉండేవి. నాగరాజూ శ్యాంబాబూ రెండు సైకిళ్ళ మీద పడేవాళ్ళు. అప్పటికి శ్యాంబాబుకి ఉద్యోగమూ లేదు, నాగలక్ష్మితో పెళ్ళీ కాలేదు. ఉల్లిపాలెం రేవులో సైకిళ్ళు పడవెక్కించి, ఏరు దాటి, ఇసకదారిలో తొక్కలేక నడిపించుకుంటూ వెళ్ళేవాళ్ళు. రేవులో పడవ నిండేదాకా సరంగు కదిలించేవాడు కాదు. గంటైనా, రెండు గంటలైనా అక్కడే గట్టుమీద. ఎవరికీ విసుగనిపించేది కాదు, ఎందుకో.

సముద్రానికి దగ్గరగా ఒక ఇసకదిబ్బ, దాని మీద పదకొండు తాళ్ళు. గీసేవాడు ముత్యాలయ్య. ఆ కల్లుకి చివర్న కాస్త ఉప్పు తగిలేది. తీపి వచ్చి వెళ్ళి, పులుపు వచ్చి వెళ్ళి, మింగిన తర్వాత ఎప్పటికో నాలుక కొసన చిన్న చురుకు. మొదటిసారి నాగరాజు పని అలవాటు కొద్దీ ఒక బొట్టు నాలుకకి అదిమి పక్కకి ఉమ్మేశాడు. ముత్యాలయ్య అతని చేతిలోంచి తాటాకు దొప్ప లాగేసుకున్నాడు. “చెట్టెక్కి దింపింది ఉమ్మడానికి కాదురా రంగులోడా” అన్నాడు. ఆ తర్వాత ఏటేటా వెళ్ళగానే ముందు ఆ మాట అని, అప్పుడు పోసేవాడు.

శ్యాంబాబుకి ఏ తోట కల్లయినా బావుండేది. అది గట్టు మీది చెట్టుదో చేలో చెట్టుదో, కాయ కాసేదో కాయని పోతుతాడిదో నాగరాజు కళ్ళు మూసుకుని చెప్పేవాడు. చుట్టూ జనం చేరి పందాలు వేసుకునేవాళ్ళు. ఆ నాలుగు రోజులూ అతనికి మాటలు వచ్చేవి.

తర్వాత షెడ్డుల్లో బోర్లు వేశారు. సిమెంటు తొట్లు కట్టారు. కాలువతో పని లేకపోయింది, సెలవూ పోయింది.

కాగితం వంక చూస్తుంటే నాగరాజుకి ఒక ఆలోచన వచ్చింది. పైకి చెబితే నవ్వుతారు. బాగా ఎరిగిన రుచుల్ని మళ్ళీ మళ్ళీ చూపిస్తే నాలుకకి గుర్తుకొస్తుందని టీవీలో ఎవరో డాక్టరు అంటుంటే విన్నాడు. అతను ఎరిగిన వాటిలో ఆ దిబ్బ కల్లు కంటే బాగా ఎరిగింది లేదు. అది గనక తగిలితే నాలుక లేస్తుందేమో. లేస్తే ఈ రెండేళ్ళ సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పెన్ను తీసుకుని మొదటి ఖాళీలో ‘ముత్యాలయ్య దిబ్బ’ అని రాశాడు. రెండో ఖాళీ అలాగే వదిలేశాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి నలుగురూ శ్యాంబాబు కారెక్కారు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ డ్రైవర్ల ప్రాణాలు తీసినవాడు, రిటైరయ్యాక డ్రైవింగ్ నేర్చుకుని పాత కారొకటి కొన్నాడు. అతను బ్రేకు వేసినప్పుడల్లా నాగలక్ష్మి వెనక సీట్లోంచి “రైట్ రైట్” అని అరిచింది. నాగరత్నం నవ్వి నవ్వి అలిసిపోయింది. వంతెన ఎక్కడం, దిగడం రెండు నిమిషాల్లో అయిపోయింది. నాగరాజు కిటికీలోంచి కిందకి చూశాడు. రేవు ఉన్నచోట తుమ్మచెట్లు లేచాయి. ఒక పడవ బోర్లించి ఉంది, దానిమీద ఎవరో వల ఆరేశారు.

దిబ్బ మీద పదకొండు తాళ్ళలో ఆరు మిగిలాయి. ముత్యాలయ్య పోయి ఎనిమిదేళ్ళట. కొడుకు దుర్గాశ్రీనివాస్ గీస్తున్నాడు. వీళ్ళు వెళ్ళేసరికి అతను మోకు బిగించుకుని చెట్టు మీదున్నాడు. కుండ కిందే ఉందని, మొదలుపెట్టమని, దిగి వస్తున్నానని పైనుంచే కేకేశాడు.

చెట్టు కింద కుండలు రెండున్నాయి. ఒకటి చెట్టు మొదట్లో, నీడన ఆకు కప్పి ఉంది. రెండోది దారి పక్కన. శ్యాంబాబు దగ్గరగా ఉన్నదాన్ని ఎత్తి, తాటాకు దొప్పలో పోసి, మొదటిది నాగరాజుకిచ్చాడు. అతను చెప్పేదాకా ఇంకెవరూ నోట పెట్టుకోకూడదు. అది పాత పద్ధతి.

నురగ తక్కువగా ఉంది. నాగరాజు కళ్ళు ఆ సంగతి చూశాయి గాని మనసుకి ఎక్కలేదు. బొట్టు నాలుక కొసన వేసుకుని అంగిలికి అదిమాడు.

చురుక్కుమంది.

ఇంకోసారి అదిమాడు. ఇంకోసారి చురుక్కుమంది, సరిగ్గా కొసన, సన్నగా. ఈసారి ఉమ్మలేదు. దొప్ప ఎత్తి ఒక గుక్క మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఉప్పు” అన్నాడు. “ఉప్పు తగుల్తోంది బావా. అదే. అచ్చం అదే.”

శ్యాంబాబు ఇంక ఆగలేదు. దొప్పెడు ఒక్క గుక్కలో తాగి, మరుక్షణం ఇసకలోకి వంగి అంతా కక్కేశాడు. నాగలక్ష్మి వేలు ముంచి నాకి మొహం చిట్లించింది. నాగరత్నం వాసన చూసి దొప్ప కింద పెట్టేసింది. ముక్కు బద్దలయ్యే పులుపు.

“అది కాదండీ!” పైనుంచి దుర్గాశ్రీనివాస్ కేక. “అది మొన్నటిదండీ, కొబ్బరితోటలో పురుగుల ఉచ్చులో పెట్టడానికి తీసిపెట్టా. నీడలో ఉందే, అదీ ఇవాళ్టిది.”

శ్యాంబాబు ముందు తిట్టాడు, తర్వాత నవ్వాడు. నవ్వుతూ ఇసకలో కూలబడ్డాడు. నలభై ఏళ్ళ పరిచయంలో బావ ఆడిన మొదటి హాస్యం ఇదేనన్నాడు. ఎంత నాటకం ఆడాడు, కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించుకున్నాడే అన్నాడు. నాగరాజు కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు. దారి దానంతటదే దొరికింది. ఊరుకుంటే చాలు, హాస్యం కిందే పోతుంది. దుర్గాశ్రీనివాస్ దిగివచ్చి, వెయ్యి సార్లు తప్పయిందని చెప్పి, నీడలో ఉన్న కుండలోంచి పోశాడు. తెల్లగా, నురగలు కక్కుతూ ఉంది. నాగరాజు తాగాడు. తడిగా ఉంది. అంతే. బావుందన్నాడు.

నాగరత్నం నవ్వలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆ మనిషి హాస్యమాడగా ఆవిడ చూడలేదు. ఉప్పు అన్నప్పుడు ఆ మొహం చూసింది.

గాయత్రి ఇంట్లో పీతల ఇగురు, చిన్నరొయ్యల్లో చింతచిగురు. శ్యాంబాబు వేళ్ళు నాకుతూ పొద్దుటి కథ గాయత్రికి చెప్పాడు, ఆవిడ ఇంటికి ఏదో అడగడానికి వచ్చిన పక్కింటావిడకి చెప్పాడు. చాప మీద కునుకు తీసి లేచి పడవ నడిపేవాడికి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నాగరాజు నాటకం ఇంకాస్త పెద్దదయింది. నాగరత్నం ఆ పూట సరిగా తినలేదు. భర్త విస్తరి వైపే చూస్తూ కూచుంది. అతను తలవంచుకుని, ఒక్కో ముద్దా ఒకేలా కలుపుకుని, ఒకేలా నమిలి మింగాడు.

పొద్దు వాలాక పడవ మడచెట్ల మధ్యకి పోయింది. రెండు వైపులా వేళ్ళు బురదలో దిగబడి ఉన్నాయి. పాటు మీద నీళ్ళు తగ్గుతుంటే బురద మీద చిన్న చిన్న ఎర్రపీతలు పరుగులు పెడుతున్నాయి. ముందు కూచున్న శ్యాంబాబూ నాగలక్ష్మీ ఎగిరిన పిట్ట కొంగో నత్తగొట్టో తేల్చుకోలేక వాదించుకుంటున్నారు. వెనక చెక్క మీద వీళ్ళిద్దరూ.

“ఎన్నాళ్ళయింది?” అంది నాగరత్నం.

ఏమిటని అతను అడగలేదు. “కరోనా అప్పుడు” అన్నాడు.

ఆవిడ నీళ్ళకేసి తిరిగింది.

“ఒకరోజు కావాలనే చారులో ఉప్పు వెయ్యలేదు నేను. తిని లేచారు. ఈ మనిషికి నేను వండింది పెట్టినా ఒకటే, మట్టి పెట్టినా ఒకటే అనుకున్నాను. ఏం తప్పు చేశానా అని ఎన్ని రోజులు వెతుక్కున్నానో మీకేం తెలుసు.”

నాలుక లేదని తెలిస్తే కుండల దగ్గర తను దేనికని, అందుకని చెప్పలేదని అతను ముక్కలు ముక్కలుగా అన్నాడు. గుడ్డపీలిక సంగతీ చెప్పాడు.

“నేనడిగింది కుండల గురించి కాదు” అంది ఆవిడ.

తెడ్డు నాలుగైదుసార్లు పడింది. చెట్లు అయిపోయి ఎదురుగా ఏరు విప్పారింది. దూరంగా, ఏటి నీళ్ళ మట్టిరంగు ఆగిపోయినచోట, సముద్రం తెల్లటి గీతలా లేస్తోంది.

“పొద్దున వచ్చేసిందనుకున్నాను రత్నం” అన్నాడు నాగరాజు. అతని గొంతు అలా ఉండగా ఆవిడ ఎప్పుడూ వినలేదు. కొంచెం జరిగి, భుజం తగిలేలా కూచుంది.

ఆ రాత్రికి నాగాయలంకలో దిగారు. మర్నాడు పొద్దున శ్యాంబాబు కాగితం తీసి రెండో ఖాళీ చూపించాడు. నాగాయలంక దాటాక కాలువగట్టు మీద ఒకప్పుడు మంచి చెట్లుండేవని, ఉన్నాయో లేదో వెళ్ళి చూడాలని నాగరాజు చెప్పాడు. ఉన్నాయి. కాలువలో నీళ్ళు లేవు, అడుగున బురద పెచ్చులుగా ఎండింది. గట్టుకి ఆవల చేలో కొన్ని తాళ్ళు, గట్టు మీద కొన్ని. గీసే పెద్దాయన అప్పుడే దిగి కుండలన్నీ వరసగా పెట్టాడు.

శ్యాంబాబు ఈసారి పెద్దాయన్ని రెండుసార్లు అడిగి, ఏది ఇవాళ్టిదో రూఢి చేసుకుని, దొప్పలో పోసి నాగరాజుకిచ్చాడు.

“ఇవాళ కూడా నాటకం ఆడావంటే బావా, ఇక్కడే దించేసి వెళ్ళిపోతా” అన్నాడు.

నాగరాజు దొప్ప పట్టుకుని నిలబడ్డాడు. నిన్న దొరికిన దారి ఇవాళ కూడా తెరిచే ఉంది. ఒక గుక్క తాగి, గట్టుదో చేలోదో ఏదో ఒకటి అంటే శ్యాంబాబు కాగితం మీద రాసుకుంటాడు. భార్య వంక చూశాడు. ఆవిడ అతనికేసి చూడటం లేదు. చీరకి అంటుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసుకుంటోంది.

“నిన్నటిది నాటకం కాదు బావా” అన్నాడు. “నాకు రుచి తెలీదు. రెండేళ్ళయింది. రత్నానికి ఇస్తున్నా.”

శ్యాంబాబు మొహంలో నవ్వు ఇంకా పోలేదు. “మరి ఉప్పన్నావుగా?”

“చురుక్కుమంటే ఉప్పనుకున్నా.”

నాగలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిక్కిరిసిన బస్సులో మాట్లాడుతూనే అందరికీ టిక్కెట్లు కొట్టిన శ్యాంబాబు చేతిలో కుండ సంగతే మరిచిపోయాడు. కుండ ఇంకా వంపి పట్టుకునే ఉన్నాడేమో, కల్లు కారి చెప్పుల మీద పడుతోంది. నిన్నటి నుంచి ఆ కథ ఎంతమందికి చెప్పాడో గుర్తు చేసుకుంటున్నట్టున్నాడు. పెద్దాయనే లేచి కుండ అందుకున్నాడు.

సోమవారం షెడ్డులో కూడా ఇదే మాట చెప్పాలి. అది ఇంత సులువుగా అవదు. గుడ్డపీలిక ఇకనుంచి అందరి ముందే ముంచాలి. ఎవరు నవ్వుతారో, గోవర్ధనరావు గారు ఏమంటారో తెలీదు. నాగరాజు ఇదంతా అనుకుంటూనే దొప్ప భార్య చేతిలో పెట్టి, పక్కన గట్టు మీద చతికిలబడ్డాడు.

నాగరత్నం కాస్త సిగ్గుపడింది. కొంగు సర్దుకుని, ఒక చిన్న గుక్క తాగింది.

“తియ్యగా ఉంది.”

“ఏ తీపి?”

“ఏ తీపంటే ఏం చెప్పను. బెల్లం కాదు. లేతకొబ్బరి నీళ్ళు, దానికి కాస్త పైన.”

అతను కళ్ళు మూసుకున్నాడు. “మింగాక?”

“పులుపు వస్తోంది. పెరుగు పులుపు కాదు. పాలు ఇంకా తోడుకుంటూ ఉండగా ఉంటుందే, ఆ పులుపు. నిలవడం లేదు, వెంటనే వెళ్ళిపోతోంది.”

“జిగురు తగుల్తోందా పళ్ళకి?”

ఆవిడ ఇంకో గుక్క తాగి, నాలుకతో పళ్ళు తడుముకుని, లేదంది.

నాగరాజు కళ్ళు తెరవకుండానే, ఇది గట్టు మీది చెట్టుది, చేలోది కాదు, పోతుతాడి అన్నాడు. పెద్దాయన కుండ మీది గుర్తు చూసుకుని, చెట్ల వైపు చూసి, అవునన్నట్టు తలాడించాడు. శ్యాంబాబు ముక్కు చీదుకుని జేబులో పెన్ను వెతికాడు.

నాగరాజు భార్య వైపు కొంచెం జరిగాడు. “ఇంకా?” అన్నాడు.

“ఇంకానా? ముందు నన్ను తాగనివ్వండి” అని నాగరత్నం దొప్ప అటు తిప్పుకుంది.